వెళ్లలేని దేశానికి దారి చెప్పిన సార్

సార్ పోయారని ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను హాస్పిటల్ ఫార్మసీలో మందుల అరలు సర్దుతున్నాను. "అక్కా, నాన్న ఈజ్ గాన్" అంది. మా మేనేజర్ నా ముఖం చూసి డ్యూటీ రోటాలో నా పేరు కొట్టేసి, ఇంటికెళ్లి పడుకోమంది. నేను మా ఇంటికి వెళ్లకుండా బస్సెక్కి సార్ ఇంటికి వెళ్లాను. ఆయన ఆఖరి రోజుల్లో లండన్ పక్కన స్లౌ ఊళ్లో కూతురి దగ్గర ఉన్నారనీ, నాటింగ్‌హామ్ ఇంటికి తాళం వేసుంటుందనీ నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. వంటింటి కిటికీలోంచి చూస్తే సింకు పక్కన రెండు టీ కెటిల్స్ బోర్లించి ఉన్నాయి. ఆయన వెళ్తూ వెళ్తూ కడిగి పెట్టినవే.

మీలో ఎవరూ ఆయన్ని ఎరగరు. ఎరిగుండాల్సినంత గొప్ప పనులేవీ ఆయన చేయలేదు కూడా. లెక్కల టీచరు. చాలా ఏళ్లు లిబియాలో చెప్పారు, తర్వాత రిటైరయ్యేదాకా ఇక్కడ ఇంగ్లండులో ఒక సెకండరీ స్కూల్లో చెప్పారు. ఆయనకి ఉన్నది ఒకటే కోరిక. భార్యని పూడ్చిన చోటికి ఇంకొక్కసారి వెళ్లి కూర్చోవాలని. అది తీరలేదు. పోయే ముందు ఇంకో చిన్న కోరిక కోరారు. అదీ తీరలేదు. తీరలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. తీరి ఉంటే ఒక దండం పెట్టుకుని ఊరుకునేదాన్ని.

నేను మాస్టర్స్ చదవడానికి కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు ఆయన ఇంట్లో పైన చిన్న గది అద్దెకి తీసుకున్నాను. మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోని గది. వచ్చిన మొదటి ఆదివారం కిందికి పిలిచి, వంటింటి టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఇంటి రూల్స్ చెప్తారేమో, చెత్త బిన్‌లు ఏ రోజు బయట పెట్టాలో చెప్తారేమో అనుకున్నాను. ఆయన ఉప్పు డబ్బా తీసి టేబుల్ అంచున పెట్టి "ఇది సముద్రం" అన్నారు. ఆవకాయ సీసా తీసి దాని ఒడ్డున పెట్టి "ఇది ట్రిపోలీ" అన్నారు. అగ్గిపెట్టె కాస్త దూరంగా అదే ఒడ్డున నిలబెట్టి లెప్టిస్ అన్నారు, రోమన్ల కాలం నాటి పాడుబడ్డ ఊరు. బిస్కట్ ప్యాకెట్ టేబుల్ రెండో చివర, ఎడారిలో. అది గదామిస్.

"పొద్దున్నే పోవల్లమ్మా లెప్టిస్‌కి. ఎండెక్కినాక రాళ్లు తెల్లగా పాలిపోయి ఏమీ కనపడదు. పోతానే పెద్ద కమాను వస్తాది. ఆడ ఫొటోలు తీసుకుంటా నిలబడిపోవద్దు, అందరూ అదే చేస్తారు. మార్కెట్ కాడికి పో. ఆడ ఒక రాయి ఉండాది, మూడు రకాల కొలతలు చెక్కినారు దాని మింద. బట్టలమ్మేటోడు మోసం చేస్తే ఆడికి తీసకపోయి కొలిపించేటోళ్లు. నాకైతే ఆ ఊరు మొత్తంలో ఆ రాయే ఇష్టం. థియేటర్‌కి మాత్రం తొందరపడి ఉరకాకు. దాన్ని సాయంత్రానికి పెట్టుకో. పైమెట్టు మీద కూసుంటే కింద వేదిక, వేదిక ఎనకాల స్తంభాలు, స్తంభాల సందుల్లో సముద్రం."

ఆయన చెప్పేది ఎప్పుడో చూసొచ్చినట్టు ఉండేది కాదు. వచ్చే వారం టికెట్ ఉన్నవాళ్లకి చెప్తున్నట్టు ఉండేది. గదామిస్ పాతూరిలో వీధులన్నిటికీ పైకప్పులుంటాయి, లోపల చీకటిగా చల్లగా ఉంటుంది, చెయ్యి గోడకి ఆనించి నడువు అనేవారు. ఆడవాళ్లకి పైన మిద్దెల మీద వేరే దారుంది, నిన్ను పైకే తీసుకెళ్తారు, భయపడకు అనేవారు. ట్రిపోలీ పాతబస్తీలో మసీదు శిఖరాలకి పెట్టే రాగి నెలవంకలు కొట్టే వీధిలోకి వెళ్తే చెవులు మూసుకోకు, వాళ్లు బాధపడతారు అనేవారు. ఎవరైనా కనబడితే పని మాట ముందు ఎత్తకు. ఎట్లున్నావు, అమ్మెట్లుంది, పిల్లలెట్లున్నారు, మళ్లీ నువ్వెట్లున్నావు, ఇవన్నీ అయ్యాకే పని.

నేను ఇంగ్లండు వచ్చేదాకా కరీంనగర్ నుంచి హైదరాబాద్ దాటి ఎక్కడికీ పోనిదాన్ని, నోరు తెరుచుకుని విన్నాను. విన్నాక గదిలోకెళ్లి ఫోన్లో ఆ దేశం పేరు కొట్టి చూశాను. బ్రిటిష్ ప్రభుత్వం వారి ప్రయాణ సలహా పేజీ వచ్చింది. మ్యాపంతా ఎరుపు. వెళ్లొద్దని రాసి ఉంది, వెళ్తే ఇన్సూరెన్స్ చెల్లదని రాసి ఉంది. మర్నాడు పొద్దున ఆయన టేబుల్ దగ్గర కళ్లజోడు పైకెత్తి ట్యాబ్‌లో అదే పేజీ చూస్తున్నారు. ఇంగ్లండులో ఉండేవాళ్లంతా లేవగానే వాన ఉందా లేదా అని చూసుకుంటారు. ఆయన అది చూసేవారు.

"సార్, గంత ఎర్రగుంటే ఎట్ల పోతరు ఎవలన్నా?" అని అడిగాను.

"ఈపొద్దు ఎరుపే. రేపు ఏమైతాదో ఎవరికి తెలుసు?" అన్నారు.

కాస్త చనువు పెరిగాక, టికెట్లమ్మని ట్రావెల్ ఏజెంట్ అని ఆయన్ని ఏడిపించేదాన్ని. ఆయనా నవ్వేవారు. నా తర్వాత ఆ గదిలోకి వచ్చిన ప్రతి స్టూడెంటుకీ, ఇంటికి భోజనానికొచ్చిన ప్రతి తెలుగు కుటుంబానికీ టేబుల్ మీద ఆ దేశాన్ని అలాగే పరిచయం చేసేవారు. పెళ్లయ్యి నేను రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాక కూడా ఆదివారాలు వెళ్లి, విన్నదే వింటూ కూర్చునేదాన్ని. చివర్లో ఎప్పుడూ ఒకటే చేసేవారు. ఆవకాయ సీసా పక్కన, టేబుల్ మీద ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టేవారు. అక్కడ ఏ డబ్బా పెట్టేవారు కాదు. "ఈడ నాకు కొంచెం పనుంటాది. మీరు టీ తాగతా ఉండండి, నేను పోయొస్తా" అనేవారు. కొత్తవాళ్లకి అర్థమయ్యేది కాదు. ఎవరూ అడిగేవారు కాదు.

ఆయనది అనంతపురం జిల్లా. పెళ్లయిన కొత్తలో భార్యాభర్తలిద్దరూ లెప్టిస్ పక్కనే ఉన్న ఊళ్లో కాపురం పెట్టారు. వెళ్లిన వారంలోనే హెడ్మాస్టరు వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. మగవాళ్లకి ఒక గది, ఆడవాళ్లకి ఒక గది. అందరి నడుమా ఒకటే పెద్ద పళ్లెం. పళ్లెంలో బార్లీ పిండితో చేసిన గట్టి ముద్ద, చుట్టూ మాంసం పులుసు. దాన్ని బజీన్ అంటారు. ఎవరి వైపు నుంచి వాళ్లు కుడిచేత్తో తుంచుకుని పులుసులో పిసుక్కుని తినాలి. ఆడవాళ్ల గదిలో సార్ భార్య ఆ ముద్దని చూసింది. దేశంకాని దేశంలో సంగటి కనబడింది ఆవిడకి. ఆనందంలో ముందూ వెనకా చూడకుండా, ఇంట్లో చేసినట్టే, అందరి ముద్ద నడినెత్తిన వేళ్లతో గుంత చేసి గరిటెడు పులుసు అందులో పోసింది.

"గదిలో అందరి చేతులూ పళ్లెం కాడ ఆగిపోయినాయంట. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయినాయి. అప్పుడు హెడ్మాస్టర్ వాళ్లమ్మ, పెద్దామె, ఆ గుంతలో నుంచి ఇంత తీసి నోట్లో పెట్టుకుని తల ఊపిందంట. ఇంక చూడు, మేము యాడికి భోజనానికి పోయినా వాళ్లే ముందుగా గుంత చేసి పెట్టేటోళ్లు, హిందీ టీచర్ ఇంటామె కోసమని. వాళ్ల భాషలో ఇండియావాళ్లమందరమూ హిందీవాళ్లమే."

ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా "తల ఊపిందంట" దగ్గర ఆయన కూడా ఆ ముసలావిడలాగే తల ఊపేవారు.

టీ సంగతి కూడా చెప్పాలి. ఆ దేశంలో టీ మూడు విడతలు. చిన్న చిన్న గ్లాసులు, చిక్కటి డికాక్షను, పాలుండవు. ఒక కెటిల్‌లోంచి ఇంకో కెటిల్‌లోకి ఎత్తి ఎత్తి పోస్తూ నురుగు తెప్పించాలి. మొదటి గ్లాసు చేదు, రెండోది కాస్త తీపి, మూడోదాంట్లో వేయించిన వేరుశనగ గింజలేస్తారు. మూడోది తాగకుండా లేస్తే ఆ ఇంటిని చిన్నబుచ్చినట్టే. "మా చెనిక్కాయలమ్మా! అనంతపురం చెనిక్కాయలు టీలో తేల్తాండాయి. నేను ఆపొద్దు గ్లాసు పట్టుకుని ఏడ్చినా, నిజంగా" అనేవారు. ఆయన ఇంట్లో మూడో గ్లాసు తాగకుండా బస్సుకి టైమైందని లేచినవాళ్లని నేను చూడలేదు.

ఆవిడ ఎలా పోయిందో ఆయన నాకు ఒక్కసారే చెప్పారు, అదీ గిన్నెలు కడుగుతూ, నావైపు తిరగకుండా. కూతురు అప్పుడింకా బడిలో కొత్తగా చేరిన పిల్ల. ఆవిడ తల పగిలిపోతోందని పడుకుంది, ట్రిపోలీ ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే తెలివి తప్పింది, మళ్లీ లేవలేదు. ఐక్యరాజ్యసమితి ఆంక్షల వల్ల ఆ రోజుల్లో ఆ దేశానికి విమానాలే లేవు. ఎక్కడికి వెళ్లాలన్నా రోడ్డు మీద ట్యునీషియా దాకా పోయి అక్కడ విమానం ఎక్కాలి. శవాన్ని అలా సరిహద్దు దాటించడానికి కాగితాలు దొరకలేదు. కాల్చడానికి ఆ దేశంలో వీల్లేదు. ట్రిపోలీ అంచున నీలగిరి చెట్ల మధ్య విదేశీయుల శ్మశానం ఒకటుంటే అందులో పూడ్చారు. మంత్రం చెప్పేవాడు లేడు. ఆయనకి వచ్చింది ఆయన చదివారు, స్కూలువాళ్లు గేటు దగ్గర నిలబడి వాళ్లకి వచ్చింది వాళ్లు చదివారు.

"ఇంటికొచ్చేసరికి హెడ్మాస్టర్ ఇంటినుంచి అన్నం వచ్చింది. బజీనే. మూత తీసినాను. నడుమ గుంత ఉండాది. అలవాటులో చేసేసినారు పాపం, ఎవరికోసమో మర్చిపోయి."

అంత చెప్పి కొళాయి కట్టేశారు. నేను తువ్వాలు అందించాను.

ఆవిడ అక్కడ ఉందని ఆయన ఇంకో రెండేళ్లు ఆ దేశంలోనే ఉండిపోయారు. ఇక్కడ లెక్కల టీచర్లు కావాలంటే కూతురి చదువు కోసం వచ్చారు, ప్రతి వేసవికీ వెళ్లొచ్చని. కొన్ని వేసవులు ఆయనొక్కరే వెళ్లారు. తర్వాత అక్కడ యుద్ధాలు మొదలయ్యాయి, మ్యాపు ఎర్రబడింది. అప్పటినుంచీ ఆయన దగ్గర చదువుకున్న ఒకాయన, అక్కడే ఇంజినీరు, ఏటా ఆవిడ పోయిన రోజున శ్మశానానికి వెళ్లి, రాయి కడిగి, వీడియో కాల్ చేసేవాడు. ఆ పూట సార్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోన్ ముందు కూర్చునేవారు. తద్దినం పెట్టేవాళ్లు పెడతారు. ఆయన తద్దినం అది.

మూడేళ్ల కిందట ఆ కాల్ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ ఇంజినీరు ముఖం మాత్రమే కనబడింది. కెమెరా తిప్పలేదు. ఉస్తాద్, ఉస్తాద్ అని, మనం సార్ అన్నట్టే, రెండుసార్లు పిలిచి ఆగిపోయాడు. తర్వాత అరబ్బీలో ఏదో చెప్పాడు. సార్ విని, తలూపి, నాకు తెలుగులో చెప్పారు, ఎవరి సంగతో చెప్తున్నట్టు: "గోడ పడిపోయినాదంట. రాళ్లన్నీ పగిలిపోతే ఒక మూలకి నెట్టేసినారంట. నీలగిరి చెట్లు కొట్టేసినారంట. నేల సాపుగా ఉండాదంట. యాడ నిలబడల్లో తెలియడం లేదు అంటాండాడు." తర్వాత ఫోన్లో అతన్ని అడగాల్సినవన్నీ అడిగారు. ఎట్లున్నావు, అమ్మెట్లుంది, పిల్లలెట్లున్నారు, మళ్లీ నువ్వెట్లున్నావు. అతను ఏడుస్తూనే అన్నిటికీ జవాబు చెప్పాడు.

ఆ ఆదివారం కొత్త స్టూడెంటుకి పరిచయం మామూలుగానే జరిగింది. ఉప్పు డబ్బా, సీసా, అగ్గిపెట్టె, బిస్కట్ ప్యాకెట్. అన్నీ చెప్పారు. చివర్లో వేలు మాత్రం పెట్టలేదు. "ఈడ నాకు పనుంటాది" అన్న మాట ఆ తర్వాత నేనెప్పుడూ వినలేదు. మ్యాపు ఎర్రగా ఉన్నన్నాళ్లూ ఆయనకి రేపు అనేది ఒకటుండేది. ఇప్పుడు మ్యాపు పచ్చబడినా వెళ్లి నిలబడే చోటు లేదు. అయినా పొద్దున్నే ఆ పేజీ చూడటం మానలేదు.

ఆ ఏడాదే గుండె బలహీనపడింది. జీపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి తీసుకొచ్చే పని నాది. ఒకసారి అక్కణ్నుంచి వస్తూ బస్‌స్టాపులో కూర్చున్నప్పుడు అన్నారు:

"అమ్మాయ్, నన్ను కాల్చొద్దని చెప్పు మా పాపకి. పూడ్చమను. ఏ మట్టైనా సరే."

"సార్, మీ ఇండ్లల్ల కాలుస్తరు గదా?"

"మా ఇండ్లల్లో కాల్చేదే. ఆమెనీ కాల్చల్సిందే, కుదరకపాయ. ఆమె మట్టిలో ఉండాది. నేను పొగైపోతే ఇంక యాడ కలిసేదమ్మా?"

సరే సార్ అన్నాను. బస్సు వచ్చింది.

ఆయన పోయిన రెండో రోజు రైలెక్కి స్లౌ వెళ్లి ఆ మాట ఆయన కూతురికి చెప్పాను. ఆమె ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. నాకు తెలుసు, నాకూ చెప్పాడు అంది. మరి, అన్నాను. ఆమె చాలా నెమ్మదిగా మాట్లాడింది. అమ్మని మట్టిలోనే పెట్టాం కదా అక్కా, ఏమైంది? మట్టిలో పెట్టినవాళ్లు పోతారు. రేపు నేను ఊరు మారితే, దేశం మారితే, ఆయన్ని ఎవరు చూస్తారు? ఒకరిని పోగొట్టుకున్నాను. ఈయన్ని నాతో తీసుకెళ్లేలా చేసుకుంటాను. నన్నేమన్నా అను, చేతిలో పట్టుకోవడానికి ఒక్కరైనా కావాలి నాకు.

తెలుగు సంఘంవాళ్లు ఫోన్లు చేసి పూడ్చడమేంటి, అపచారం అన్నారు. వాళ్ల మీద మండిపడ్డాను, మనలో పూడ్చే ఇళ్లు లేవా అని అడిగాను. ఆ అమ్మాయి మీదా కోపం తెచ్చుకోవాలని చూశాను. నిలవలేదు. ఆమె చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు, ఆయన అడిగిందాంట్లోనూ దొరకలేదు. ఇద్దరూ ఒకే మనిషి కోసం ఏడుస్తున్నారు. ఒకరి మాట నెగ్గాలంటే ఇంకొకరి మాట ఓడాలి. పోయినవాళ్ల మాటే ఓడుతుంది ఎప్పుడైనా.

క్రిమటోరియంలో మాకిచ్చిన టైము అయిపోతుంటే, తర్వాతి కుటుంబం కార్ పార్కులో గొడుగులు పట్టుకుని నిలబడి ఉంది. ఆ చిన్న గదిలో ఎప్పుడో అద్దెకున్న పిల్లలు లండన్‌లోని ఈస్ట్ హామ్ నుంచీ ఇంకా ఎక్కడెక్కడినుంచో వచ్చారు. ఒకతను నా పక్కన నిలబడి, లెప్టిస్ పొద్దున్నే వెళ్లాలి కదక్కా అన్నాడు. శవపేటిక ముందు తెర మూసుకుంది.

నిన్న ఆదివారం కూతురు సార్ ఇల్లు ఖాళీ చేయడానికి నాటింగ్‌హామ్ వచ్చింది. సాయంత్రానికి సామానంతా పెట్టెల్లోకి వెళ్లింది, వంటిల్లు తప్ప. బోర్లించిన కెటిల్స్ తీసి టీ పెట్టాను. ఆయనలాగే ఎత్తి ఎత్తి పోశాను. గింజలు వేయించింది ఆమె. ఆయనకీ కలిపి మూడు గ్లాసులు పెట్టింది, అలవాటుగా.

ఉన్నట్టుండి ఆమె, నాన్న అందరికీ చెప్పేవాడు, నాకు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు అంది. నీది ఆ ఊరే కదా, నీకు పరిచయమెందుకు అనేవాడట. తనకేమో నీలగిరి ఆకు వాసన తప్ప ఏమీ గుర్తులేదట. నువ్వు చెప్పక్కా అంది, అదీ ఇంగ్లిష్‌లోనే.

పెట్టెలో సర్దిన ఉప్పు డబ్బా బయటికి తీసి టేబుల్ అంచున పెట్టాను. ఇది సముద్రం అన్నాను. ఆవకాయ సీసా అడుగున ఇంకా కొంచెం మిగిలుంది, దాన్ని ఒడ్డున పెట్టాను. అగ్గిపెట్టె, బిస్కట్ ప్యాకెట్. పొద్దున్నే వెళ్లాలి, కమాను దగ్గర ఆగిపోకూడదు, కొలతల రాయి చూడాలి, థియేటర్ సాయంత్రానికి పెట్టుకోవాలి. నా గొంతులో ఆయన యాస వస్తోందని నాకే తెలుస్తోంది. పొద్దున ఫోన్లో నేనే చూశాను, మ్యాపు ఎర్రగానే ఉంది. మేమిద్దరం ఎక్కడికీ వెళ్లం. అయినా చివరిదాకా, సీసా పక్కన ఖాళీ చోట వేలు పెట్టేదాకా చెప్పాను.

అయ్యాక ఆమె లేచి బ్యాగులోంచి క్రిమటోరియంవాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా తీసింది. రెండు చేతులతో పట్టుకుని టేబుల్ దగ్గరికి తెచ్చి, సీసా పక్కన ఖాళీగా ఉన్న చోట పెట్టింది. కాస్త ఇటు జరిపింది, మళ్లీ అటు జరిపింది. నావైపు చూసింది.

"ఇక్కడేనా, అక్కా?"

ఇన్నేళ్లలో ఆమె నన్ను తెలుగులో ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"ఇక్కడే" అన్నాను. అది ఎక్కడో నాకు తెలియదు. తెలిసినాయన ఆ డబ్బాలో ఉన్నారు. మూడో గ్లాసులో నురుగు దిగిపోయి, గింజలు తేలుతున్నాయి.